నల్ల టేపు, తెల్ల టేపు

జూన్ 2

బాబాయికి,

ఇరవై మూడేళ్లుగా ఒక ప్రశ్న నా వెనకే తిరుగుతోంది. ఆ రోజు ముల్లు ఎక్కడుంది?

ఏ రోజో నీకు చెప్పనక్కర్లేదు. నాకు ఇరవై ఏళ్లు. లైసెన్సు వచ్చి నెలయింది. ఎం.ఏ. దరఖాస్తు ఇచ్చి రావడానికి నాన్న కారు తీసుకుని ఒక్కదాన్నే వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు రేడియేటర్ పైపు చిట్లి నీళ్లన్నీ కారిపోయాయి. నాకు తెలియలేదు. ఇంజన్ ఉడికి ఉడికి నడిరోడ్డు మీద బిగుసుకుపోయింది. వేడి చూపించే మీటరు నా కళ్లెదుటే ఉంది. దాని వంక చూశానని గుర్తుంది. ఏం చూశానో గుర్తు లేదు.

నాన్న వచ్చి, బానెట్ ఎత్తి, ఆ తర్వాత డాష్‌బోర్డు కిందకి చెయ్యి పోనిచ్చి తడిమి, మీటరుకి వైరు ఊడిపోయింది, ముల్లు లేవదు, నువ్వేం చేస్తావమ్మా అన్నాడు. ఆ మాటతో ఇంట్లో అందరూ నన్ను వదిలేశారు. నేనే నన్ను వదల్లేదు. మళ్లీ స్టీరింగు ముట్టుకోలేదు.

ఇప్పుడు ముట్టుకోవాలి. నలభై కిలోమీటర్ల అవతలున్న కాలేజీలో చరిత్ర శాఖ బాధ్యత నాకిచ్చారు. ఇన్నాళ్లూ ఎదురుచూసిన పని. పొద్దున్న ఎనిమిదికల్లా అక్కడుండాలి, ఆ వేళకి చేర్చే బస్సు లేదు. జూలై ఒకటిన చేరాలి. నడపగలననే ధైర్యం వస్తే చేరతాను, రాకపోతే వద్దని ఉత్తరం రాసేస్తాను. కంటి ఆపరేషన్ తర్వాత నాన్న నడపడం మానేశాడు కదా, బండి నువ్వే తీసుకో అన్నాడు. నేను ఒక షరతు పెట్టాను. మూడు కొత్త మీటర్లు కావాలి: ఇంజన్ వేడికి ఒకటి, ఆయిల్ ప్రెషర్‌కి ఒకటి, బ్యాటరీకి ఒకటి. మెకానిక్‌కి ఇస్తే పూటలో బిగించేస్తాడు. కానీ ఇంకొకరు బిగించిన మీటరుని నేను నమ్మలేను. నేను బిగించినదాన్నీ నమ్మలేననుకో, కనీసం ఎవర్ని తిట్టుకోవాలో తెలుస్తుంది.

నిన్న డాష్‌బోర్డు ఊడదీశాను. పాత మీటరు వెనక వైరు ఊడిపోలేదు బాబాయ్. ఎవరో నట్టు విప్పి, వైరు తీసి, దాని చివర నల్ల టేపు మూడు చుట్లు చుట్టి, నట్టుని మళ్లీ దాని చోట బిగించారు. ఊడిన వైరు తనకి తను టేపు చుట్టుకోదు కదా. ఆ రోజుల్లో ఈ కారు మీద చెయ్యి వేసింది నువ్వూ నాన్నే. దాని సంగతి నీకేమైనా తెలుసా?

ఫోను చేస్తే నీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే ఈ ఉత్తరం. వైర్ల బొమ్మ గీసి పంపు. పిన్నిని అడిగానని చెప్పు.

భయంతోనూ స్క్రూడ్రైవర్‌తోనూ,
నీ అమ్మడు

జూన్ 7

అమ్మడూ,

నాకు సగమే వినిపిస్తుందని రాశావు. మీ పిన్ని చదివి, ఆ సగం కూడా ఎక్కువ చెప్పింది అంటోంది.

బొమ్మ వేరే కాగితం మీద గీశాను. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పు. అది విప్పకుండా డాష్‌బోర్డులో చెయ్యి పెడితే నేను అక్కడికొచ్చి మరీ తిడతాను. మూడు మీటర్లకీ కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకో, ఎప్పుడూ కరెంటు ఉండే వైరు నుంచి కాదు. మధ్యలో ఒక చిన్న ఫ్యూజు పెట్టు. ఇంజన్ వైపు నుంచి లోపలికి వైర్లు తెచ్చే కన్నంలో రబ్బరు బుష్షు లేకుండా లాగకు, రేకు అంచు ఆర్నెల్లలో వైరుని కోసేస్తుంది. ఆయిల్ ప్రెషర్‌కి ఇప్పుడున్న స్విచ్ విప్పి, టీ జాయింటు వేసి, దానికి పాత స్విచ్, కొత్త సెన్సరు రెండూ తగిలించు, పాత ఎర్ర దీపం కూడా పనిచేస్తుంది. వేడి సెన్సరు మాత్రం పాతది తీసి ఆ చోటే కొత్తది పెట్టాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక విప్పు, పక్కన గిన్నె పెట్టుకో.

నీలాంటి చదువుకున్నవాళ్లతో ఒకటే గొడవ. మరని బిగిస్తూ ఎక్కడ ఆపాలో పుస్తకంలో వెతుకుతారు. చేతికే తెలుస్తుంది, చేతిని అడుగు.

ఇక ఆ పాత వైరు. ఎప్పటి వైరో, ఇప్పుడెందుకు? దాన్ని అలాగే ఉంచు. ఈ కారు మీద చెయ్యి వేసింది నువ్వూ నాన్నే అని రాశావు. వేశాను. కాదన్నానా?

అన్నయ్య కంట్లో మందు వేళకి వేసుకుంటున్నాడో లేదో చూడు.

చెవులు పోయినా చేతులున్న
మీ బాబాయి

జూన్ 13

బాబాయికి,

నీ బొమ్మని వంటగది గోడకి అంటించాను. బ్యాటరీ నెగటివ్ విప్పాను, రెండుసార్లు వెళ్లి చూసుకున్నాను కూడా. ప్రతి వైరుకీ కాగితం ముక్క కట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో, ఎక్కడికి పోతోందో రాశాను. అనుమానం ఉన్నచోట ప్రశ్నార్థకం పెట్టాను. ప్రశ్నార్థకాలే ఎక్కువయ్యాయి.

నాన్న నాకు సహాయం. కుర్చీ వేసుకుని టార్చి పట్టుకుంటాడు. నేను చూస్తున్న చోట కాకుండా తను చూడాలనుకున్న చోట వెలుగు వేస్తాడు. తూనికలు కొలతల ఆఫీసులో ముప్పై ఏళ్లు చేసినవాడు కదా, కొత్త మీటర్లు డబ్బాలోంచి తీయగానే ఒక్కొక్కటీ కంటికి ఆనించుకుని, సున్నా దగ్గర ముల్లు సరిగ్గా ఉందో లేదో పరీక్షించి పాస్ చేశాడు. ఖాళీగా కూర్చోలేడు. ఎక్కడ తుప్పు కనిపించినా ఆయన చెయ్యి ఊరుకోదు. నా స్పానర్లన్నీ తోమేశాడు. ఒకదాని మీద నంబరు కూడా పోయింది.

ఆయిల్ మీటరు, బ్యాటరీ మీటరు పనిచేస్తున్నాయి. మొదటిసారి తాళం తిప్పగానే రెండు ముళ్లూ లేచి నిలబడ్డాయి. నేనూ కారు దిగి నిలబడ్డాను. వేడి మీటరు మాత్రం పలకదు. పాత సెన్సరు విప్పి కిటికీ గట్టు మీద పెట్టాను. కొత్తదాని మరలకి నీళ్లు కారకుండా తెల్ల టేపు అయిదు చుట్లు గట్టిగా చుట్టి బిగించాను. కొట్టువాడు ఉచితంగా ఇచ్చాడు, నల్లాలకి వాడేదే. చుక్క కారలేదు, కానీ ముల్లు అడుగునే పడుకుంది. ఇంజన్ పట్టుకుంటే చెయ్యి కాలుతోంది, ముల్లుకి పట్టింపు లేదు.

ఇంకొకటి రాయాలి. ఆ వైరు గురించి అడిగితే వదిలెయ్ అన్నావు. నువ్వు ఎప్పుడూ ఏ విషయాన్నీ వదిలెయ్ అన్న మనిషివి కాదు. అంటే నీకు తెలుసు. ఆ రోజు మీటరు బాగానే ఉంది, ముల్లు ఎర్రగీత దాటింది, నేను చూడలేదు. నన్ను కాపాడటానికి నాన్న ఆ తర్వాత వైరు తీసి టేపు చుట్టాడు. నువ్వూ ఆయనతో కలిసి ఇన్నేళ్లు దాచావు. నా మీద దయతోనే అని తెలుసు. అయినా అది తెలిశాక, మూడు మీటర్లున్నా ముప్పై ఉన్నా, చూడనిదాన్ని చూసేలా అవి చేస్తాయా అని భయంగా ఉంది. కాలేజీకి వద్దని రాయాల్సిన ఉత్తరం సగం రాసి పెట్టుకున్నాను.

ముల్లు లేవని మీటరు ముందు కూర్చుని,
అమ్మడు

జూన్ 17

అమ్మడూ,

ముందు ఆ టేపు విప్పు. ఈ ఉత్తరం చివరిదాకా తర్వాత చదువుకోవచ్చు, వెళ్లి విప్పు. సెన్సరుకి ఒక్కటే వైరు ఉంటుంది. కరెంటు తిరిగిపోయే రెండో దారి దాని మరలే. ఇనుము ఇనుముని తాకితేనే ఎర్త్ దొరుకుతుంది. నువ్వు మధ్యలో దుప్పటి కప్పావు. అలా కప్పితే నీళ్లు మరిగి ఆవిరైపోయినా ముల్లు అడుగునే ఉంటుంది.

విప్పావా? ఇప్పుడు చదువు.

నీకు ఇరవై మూడేళ్ల ప్రశ్న ఉంటే నాకూ ఒకటుంది. నువ్వు కారు తీసుకెళ్లడానికి నెల ముందు ఆ సెన్సరు దగ్గర నీళ్లు కారుతున్నాయని అన్నయ్య చెబితే కొత్తది తెచ్చి బిగించింది నేను. తెల్ల టేపు చుట్టి మరీ బిగించాను. అప్పట్లో నాకు ఎర్త్ సంగతి తెలుసు, కానీ ఆ పూట ఆలోచించలేదు. పని బాగా చెయ్యాలనే తాపత్రయంలో ఎక్కువ చుట్టాను. నీలాగే. తర్వాత పదేళ్లకి నా రిపేరు షెడ్డుకి ఒక టాక్సీ వచ్చింది. ముల్లు లేవట్లేదన్నాడు. సెన్సరు విప్పితే తెల్ల టేపు. స్పానర్ అలా చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. అన్నయ్య కారు ఇంజన్ ఉడకబెట్టింది నేనే అని అప్పుడు తెలిసింది.

అన్నయ్యకి చెప్పబోయాను. ఆయన చెప్పనివ్వలేదు. "వైరు ఊడిపోయిందిరా, నీ పని భేషుగ్గా ఉంది" అన్నాడు. వైరు ఊడిపోయిందన్నది నీతో అన్న మాటే, అక్షరం అక్షరం. కారు మీద చెయ్యి వేసింది నేనూ అన్నయ్యే అని నువ్వు రాస్తే నన్ను నిలదీస్తున్నావనుకున్నాను. అందుకే రోషంగా రాశాను. నిన్ను కాపాడటానికి కాదమ్మా, నన్ను నేను కాపాడుకోవడానికి.

కాబట్టి ఆ ఉత్తరం చింపెయ్. నువ్వు వెయ్యిసార్లు చూసినా ఆ ముల్లు కదిలి ఉండదు.

నీకు రుజువు లేనిదే నిద్ర పట్టదని తెలుసు, అందుకే ఇదీ చెబుతున్నాను. ఇంజన్ బాగుచేసినప్పుడు నేను పక్కనే ఉన్నాను, సెన్సరుని ఎవరూ విప్పలేదు. అంటే నువ్వు కిటికీ గట్టు మీద పెట్టింది నేను చుట్టినదే. ఒక్కోసారి బిగించేటప్పుడు మర అంచు టేపుని కోసేస్తుంది, అప్పుడు ఇనుము తగిలి ముల్లు పనిచేస్తుంది. మరల మీద టేపు చిరగకుండా ఉంటే తప్పు నాది. కోసుకుపోయి ఇనుము కనిపిస్తుంటే ఆ రోజు మీటరు పలికినట్టే. చూసి రాయి. ఏదున్నా రాయి.

ఈ ఉత్తరం మీ పిన్నికి చూపించలేదు. మొదటిసారి.

బాబాయి

జూన్ 22

బాబాయికి,

టేపు విప్పాను. ముల్లు లేచింది. చిన్నపిల్ల మంచం దిగినట్టు మెల్లగా లేచి ఎనభై దాటి నిలబడింది. నాన్న చేతిలో టార్చి పగటిపూట వెలుగుతూనే ఉంది, ఆర్పడం మర్చిపోయాడు.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి చదవకుండా కిటికీ దగ్గరికి పరిగెత్తాను. సెన్సరు గట్టు మీదే ఉంది, కానీ తళతళ మెరుస్తోంది. మరల్లో మట్టి లేదు, నూనె లేదు, టేపు లేదు, టేపు ఉండేదనే ఆనవాలు కూడా లేదు. విప్పినరోజు నూనె, మట్టి గడ్డకట్టి ఉండటంతో నేను పరికించి చూడలేదు. నాన్నని అడిగాను. తుప్పు పట్టి ఉందమ్మా, కిరసనాయిల్‌లో వేసి తీగ బ్రష్షుతో తోమాను, మళ్లీ దేనికైనా పనికొస్తుంది అన్నాడు. ఆ మొహంలో ఏదీ లేదు. ముప్పై ఏళ్లు దొంగ త్రాసుల వ్యాపారులు ఆయన మొహంలోకి చూసి ఏమీ కనిపెట్టలేకపోయారు, నా వల్ల ఏమవుతుంది?

తర్వాత ఆయన నిద్రపోతున్నప్పుడు పాత మీటరు పరీక్షించాను. నల్ల టేపు విప్పి, వైరు దాని చోట తగిలించి, తాళం తిప్పి, అవతలి చివర ఇంజన్‌కి ఆనించాను. పాత ముల్లు ఒక్కసారిగా ఎర్రగీత దాకా వెళ్లి కొట్టుకుంది. మీటరు బతికే ఉంది. వైరూ బాగుంది. మళ్లీ తీసి టేపు ఎలా ఉందో అలాగే చుట్టేశాను, దొంగలా.

ఇప్పుడు చూడు. ఊళ్లో ప్రతి కొట్టులోనూ తూకం రాళ్లు సరిచూసిన మనిషి, తన కారులో బాగున్న మీటరుని ఇరవై మూడేళ్లు ఊడదీసి ఉంచాడు. అర నిమిషం పని, నట్టు విప్పి వైరు తగిలిస్తే చాలు. తగిలించలేదు. దానికి బదులు ఎక్కడికెళ్లినా దారి మధ్యలో కారు ఆపి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూసుకున్నాడు. మన ప్రయాణాలన్నీ అలాగే సాగాయి, గుర్తుందా? మేమంతా నవ్వుకునేవాళ్లం. వైరు తగిలిస్తే ముల్లు లేచేది, లేదా లేవకపోయేది. లేస్తే నేను దొరికిపోతాను. లేవకపోతే నువ్వు. ఆయనకి రెండూ అక్కర్లేకపోయాయేమో.

నువ్వు తప్పు నాది అంటున్నావు, నేను నాది అంటున్నాను. ఇంత ప్రేమగా ఎవరూ కొట్టుకుని ఉండరు.

ఒక కొత్త చిక్కు. హెడ్‌లైట్లు వేస్తే వేడి మీటరులో ముల్లు పదిహేను డిగ్రీలు పైకి పోతోంది. ఆర్పేస్తే దిగుతోంది. దీపం వెలిగిస్తే నీళ్లు వేడెక్కుతాయా? ఇంకో వేడి మీటరు కొని దీన్ని సరిచూద్దామా అనుకుంటున్నాను.

అనుమానంతో,
అమ్మడు

జూన్ 26

అమ్మడూ,

రెండో వేడి మీటరు కొన్నావంటే దాన్ని సరిచూడటానికి మూడోది కొంటావు. నీ సంగతి నాకు తెలుసు. కొట్టువైపు వెళ్లకు.

మూడు మీటర్ల ఎర్త్, వాటిలోని చిన్న దీపాల ఎర్త్ అన్నీ తెచ్చి ఒకే స్క్రూకి కట్టి ఉంటావు. ఆ స్క్రూ కింద రేకు మీద పెయింటు ఉంటుంది. పెయింటు గీకి రేకు మెరిసేదాకా తెచ్చి బిగించు. వేడి మీటరుకి విడిగా ఇంకో ఎర్త్ ఇవ్వు. దీపాలు వేసినా ముల్లు కదలదు.

సెన్సరు సంగతి చదివి చాలాసేపు నవ్వాను. మీ పిన్ని లోపలి నుంచి వచ్చి ఏమిటని అడిగింది. అప్పుడు చెప్పాను, అంతా. విని ఆవిడ, "మీరిద్దరూ కలిసి ఆయన్ని ఇన్నేళ్లు బానెట్ మీద చెయ్యి కాల్చుకునేలా చేశారు" అంది. అంతే అని వెళ్లిపోయింది.

అన్నయ్యని నువ్వే అడుగు. నేనడిగితే మళ్లీ నీ పని భేషుగ్గా ఉందంటాడు. నాకు ఆ మాట ఇంకోసారి వినే ఓపిక లేదు.

బాబాయి

జూలై 2

బాబాయికి,

కాలేజీలో చేరాను. నిన్న పొద్దున్న ఏడింటికి బయల్దేరాను. నాన్న వస్తానన్నాడు. తిరిగి బస్సులో వచ్చేస్తానన్నాడు, కానీ సాయంత్రం దాకా లైబ్రరీలో కూర్చుని నాతోనే వచ్చాడు.

పెయింటు గీకాను. దీపాలు వేశాను. ముల్లు కదల్లేదు. నీకు దండం.

మొదటి పది కిలోమీటర్లు నేను రోడ్డు కంటే డాష్‌బోర్డే ఎక్కువ చూశాను. ముల్లు పైకి పోతోందేమో, ప్రెషర్ పడిపోతోందేమో, ఒకటి తర్వాత ఒకటి. నాన్న చాలాసేపు ఓర్చుకుని, ముళ్లు చూడటం అయ్యాక కొంచెం రోడ్డు కూడా చూడమన్నాడు. ఎదురుగా లారీ వస్తోంది మరి.

సగం దారిలో లారీల తూకం వేసే కాటా ఉంది. నాన్న ఎప్పుడూ అక్కడే ఆపేవాడు, గుర్తుందా? అలవాటుగా నేనూ పక్కకి తీశాను. ఎందుకాపావు అన్నాడు. బానెట్ చూడొద్దా అన్నాను. ముల్లుందిగా అన్నాడు. దిగలేదు. ఇన్నేళ్లలో ఆయన ఆ చోట కారు దిగకపోవడం మొదటిసారి.

అక్కడే అడిగాను. వైపర్ మీద పడ్డ ఆకు తీసేస్తున్నట్టు నటిస్తూ, మొహం చూడకుండా అడిగాను.

"నాన్నా, ఆ వైరు ఎప్పుడు తీశావు? నేను కారు తీసుకెళ్లక ముందా, తర్వాతా?"

ఏ వైరు అనలేదాయన. కాటా మీదికి ఒక లారీ ఎక్కుతోంది. అది ఎక్కి, నిలబడి, దిగేదాకా దాన్నే చూశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఎప్పుడు తీసి ఉంటే నీకు బాగుంటుందమ్మా?"

ఆయన చేత్తో నా భుజం మీద తట్టి, తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పు, క్లాసుకి వేళవుతోంది అన్నాడు. ఎగతాళి కాదు బాబాయ్. నిజంగానే అడిగాడు. నేను ఏ రోజు చెబితే ఆ రోజు తీసినట్టే.

ఇంజన్ స్టార్ట్ చేశాను. మిగతా ఇరవై కిలోమీటర్లు ముల్లు ఎనభై అయిదు దగ్గర కదలకుండా నిలబడింది, నేను దాన్ని అయిదారుసార్ల కంటే ఎక్కువ చూడలేదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఇంకా తక్కువ. నాన్న నిద్రపోయాడు. నేను నడిపే కారులో ఆయన నిద్రపోయాడు.

కూర్చుని లెక్క వేసుకున్నాను. తర్వాత తీశాడంటే తప్పు నాదో నీదో, ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు, ఆయన సెన్సరుని తోమేశాడు. ముందే తీశాడంటే నేను తప్పించుకుంటాను, నువ్వూ తప్పించుకుంటావు, కానీ అప్పుడు బాగున్న మీటరుని ఊడదీసి కూతురి చేతికి కారు ఇచ్చిన మనిషి ఆయనవుతాడు. ఆయన ఆ మాట పడటానికి సిద్ధంగా ఉన్నాడు. ఇరవై మూడేళ్ల నుంచీ సిద్ధంగానే ఉన్నాడనుకుంటా. అందుకే నాకు ముందే అని చెప్పబుద్ధి కాదు. తర్వాతే అనీ చెప్పబుద్ధి కాదు, ఎందుకంటే అందులో నువ్వున్నావు.

పాత మీటరు అలాగే ఉంచాను, కొత్తవాటి పక్కన, ముల్లు అడుగున. నల్ల టేపు మళ్లీ విప్పలేదు. పొద్దున్న టీ తాగుతూ ఆయన నావైపు ఒకసారి చూశాడు, జవాబు కోసమో, చక్కెర కోసమో. చక్కెర ఇచ్చాను. ఆయనకి ఏ రోజని చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రేపు మళ్లీ ఏడింటికి బయల్దేరాలి.

నీ అమ్మడు